వేలికెక్కిన వెండి నాణెం

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నేలను అక్కడి జనం నడిగడ్డ అని పిలుస్తారు. ఆ నడిగడ్డ ఊళ్లలో ధరూరు ఒకటి. ఒకప్పుడు గద్వాల సంస్థానపు సీమలోనిది. 2016 అక్టోబరులో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో ఇప్పుడు మండల కేంద్రం. జూరాల ఆనకట్టను చూడబోయిన వారు ఈ ఊరి పేరు వినే ఉంటారు.

ఆ ఊరిలో ఒక కంసాలి ఇంటి అరుగు మీద ఒకనాటి ఉదయం కనిపించిన దృశ్యంతో ఈ వ్యాసాన్ని మొదలుపెట్టడం ఉచితమనిపిస్తున్నది. డెబ్బది ఏండ్లు దాటిన అవ్వ ఒకతె మనుమని వెంటబెట్టుకొని వచ్చి, కొంగు ముడి విప్పి, ఆరు నాణేలను అరుగు మీద పరచినది. వాటిలో రెండు నిజాం కాలపు వెండి రూపాయలు. అరిగి అరిగి వాటి మీద బొమ్మ ఆనవాలు మాత్రమే మిగిలినది. ఒకటి అర్ధరూపాయి, దాని మీది చార్మినారు నిన్న అచ్చు వేసినట్లున్నది. బొటనవేలి గోరంత రెండణాల బిళ్ల ఒకటి. ఐదవ జార్జి తల గల ఇంగ్లీషు రూపాయి ఒకటి. ఆరవది సరిగా గుండ్రంగా కూడ లేదు. మందంగా, అంచులు వంకరగా, అక్షరాలు సగమే పడి ఉన్నది.

"ఆచారీ, మనుమరాలి పెండ్లి కుదిరింది. వీటిని కరిగించి మెట్టెలు చెయ్యి. ఈ పిల్లగానికి ఒక ఉంగరం కావాలంట, అది కూడ చూడు" అన్నది అవ్వ.

ఆచారి నాణేలను ఒక్కొక్కటిగా తిప్పి చూచి, "అన్నిటినీ కరిగించమంటావా అవ్వా? ఒకసారి మూసలో పడితే మళ్లీ ఇది రూపాయి కాదు" అన్నాడు.

"అవి చెల్లక ఎన్నేండ్లాయె నాయనా! మా అమ్మ ఇచ్చిందని దాచిపెట్టుకొన్న. వెండి వెండే గదా" అన్నది ఆమె.

వెండి వెండే గదా! ఈ మాట పైకి ఎంత సహజంగా వినిపిస్తుందో, లోపల అంత పెద్ద ప్రశ్నను దాచుకొని ఉన్నది. పాత నాణెంలో ఉన్నది వెండి మాత్రమేనా? దానిని ఉంగరంగా మార్చినప్పుడు మనకు మిగిలేదేమిటి, పోయేదేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం కంసాలి చేతి పనిలోనే ఉన్నది. అయితే ఆ పనిని అర్థం చేసికొనేందుకు ముందుగా ఆ నాణేలను కొంచెం పరిచయం చేసికోవాలి.

నిజాం రాజ్యంలో చెలామణి అయిన రూపాయికి హాలీ సిక్కా అని పేరు. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇక్కడి వారు కల్దారు అనేవారు. యంత్రం మీద అచ్చయినది అని ఆ మాటకు అర్థం. 1857 వరకు నిజాం నాణేల మీద సైతం ఢిల్లీ మొగలు చక్రవర్తి పేరే ఉండేది. మరుసటి ఏడు నుండి ఆసఫ్‌జా పేరు వచ్చినది. 1903లో హైదరాబాదు సైఫాబాదులో కొత్త టంకశాల వెలసిన తరువాత, మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, చార్మినారు బొమ్మ గల రూపాయలు వెలువడినవి. చార్మినారు నడిమి ద్వారంలో ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెం. 'ఐన్' అయితే 1911లో గద్దె నెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలపుది. ఇంత పెద్ద రాజ్యపు ఏలిక పేరులోని మొదటి అక్షరం ఆవగింజంత చోటులో ఇమిడి ఉన్నదన్నమాట.

నాణెం మీద హిజ్రీ సంవత్సరం కూడ ఉంటుంది. దానిని క్రీస్తు శకంలోకి మార్చడానికి విద్యార్థులకు ఒక సులువైన లెక్క చెప్పవచ్చును. హిజ్రీ అంకెను 0.97తో గుణించి, వచ్చిన దానికి 622 కలపాలి. 1340 హిజ్రీ అని ఉంటే, అది 1921-22 అవుతుంది. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటె రమారమి పదకొండు రోజులు పొట్టిది కనుకనే ఈ 0.97 అవసరమైనది.

హైదరాబాదు టంకశాల ఒక్కటే ఈ సీమకు నాణేలు ఇచ్చినదని అనుకోరాదు. పూర్వం గద్వాల, వనపర్తి, నారాయణపేటల పేర నడిచిన టంకశాలలు కూడ ఉండేవి. అక్కడ ముద్ర వేసేది యంత్రం కాదు, మనిషి చేయి. వెండి బిళ్లను అచ్చు మీద పెట్టి, పై అచ్చుతో సుత్తి దెబ్బ కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది కావడం వల్ల అక్షరాలు సగమే పడేవి. అవ్వ తెచ్చిన ఆరవ నాణెం ఆ పద్ధతిలో చేసినదే. అది ఏ టంకశాలదో అరుగు మీద కూర్చుండి తేల్చే పని కాదు.

ఇక వెండి సంగతి. హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో నూటికి 81.8 పాళ్లు వెండి, తక్కినది ప్రధానంగా రాగి. కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు, అనగా సరిగా ఒక తులం. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. లెక్క కట్టి చూస్తే హాలీలో 9.14 గ్రాముల శుద్ధమైన వెండి, కల్దారులో 10.69 గ్రాముల శుద్ధమైన వెండి ఉన్నట్లు తేలుతుంది. ఆ రోజులలో నూరు కల్దారులకు నూటపదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు అనేది మారకపు ధర. ఈ పొడుగాటి అంకెను పిల్లలు బట్టీ పట్టేవారు. కాని అది ఆరుకు ఏడు అనే చిన్న నిష్పత్తే. రెండు నాణేలలోని వెండిని పోల్చి చూచినా దాదాపు అదే నిష్పత్తి వస్తుంది. సర్కారులు కాగితం మీద వ్రాసికొన్న మారకపు ధరకు, కంసాలి త్రాసులో తేలే ధరకు అంత దగ్గర సంబంధం ఉండేది.

ఆ సంబంధం యుద్ధకాలంలో తెగిపోయినది. 1940లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వం రూపాయిలోని వెండిని సగానికి తగ్గించినది. 1947 నాటికి రూపాయి పూర్తిగా నికెలు లోహానికి మారినది. చెడ్డ నాణెం మంచి నాణేన్ని బజారు నుండి తరిమివేస్తుందని అర్థశాస్త్రంలో చదువుకొంటాము. మంచి వెండి రూపాయలను జనం ఖర్చు పెట్టడం మాని, కుండలలోనూ పెట్టెలలోనూ దాచినారు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత 1950లో భారత రూపాయి ఇక్కడికి వచ్చినది. కొన్నేండ్లు రెండు నాణేలూ పక్కపక్కన నడిచినవి. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా ముగిసినది. ఆనాటి నుండి అవ్వ కొంగు ముడిలోనిది డబ్బు కాదు. వెండి అయినా కావాలి, జ్ఞాపకం అయినా కావాలి.

డబ్బు నగగా మారడం మన దేశంలో కొత్త విషయం కాదు. మన స్త్రీలు మెడలో ధరించే కాసుల పేరు నాణేల వరుసయే. తండాలలోని లంబాడీ స్త్రీల దుస్తుల మీద, మెడలలో పావలాలు, అర్ధరూపాయలు, రూపాయలు వ్రేలాడుతూ ఉండడం పాలమూరు సీమ వారికి తెలిసిన దృశ్యమే. బ్యాంకులు లేని కాలంలో ఆ స్త్రీలు తమ ఆస్తిని తమ ఒంటి మీదనే మోసికొని తిరిగినారు. కరవు వస్తే ఒక నాణెం ఊడదీసి అమ్ముకొనేవారు; పంట పండితే మరొకటి చేర్చుకొనేవారు. నాణేన్ని కరిగించక అట్లే ఉంచడంలో ఒక తెలివి ఉన్నది. నాణెం మీది ముద్ర దాని స్వచ్ఛతకు హామీ. కరిగించి గొలుసు చేయిస్తే, ఆ గొలుసులో వెండి ఎంతో, రాగి ఎంతో కొనేవాడు మళ్లీ పరీక్ష చేయవలసి వస్తుంది.

ఇప్పుడు ఆచారి అరుగు మీదికి మళ్లీ వద్దాము. వెండి నాణెం నుండి ఉంగరం చేయడానికి మూడు దారులు ఉన్నవి.

మొదటిది కరిగించడం. మట్టి మూసలో నాణేలు వేసి, కాస్త వెలిగారం చల్లి, బొగ్గుల కుంపటిలో పెట్టి గాలి ఊదుతారు. వెలిగారం కరిగి లోహం మీద గాజు పొరవలె పరచుకొని, గాలి తగలకుండ కాపాడుతుంది. మలినాన్ని తనలోకి లాగుకొంటుంది. కరిగిన వెండిని కడ్డీగా పోసి, దాగలి మీద సాగగొట్టి, వంచి, కొనలు అతికితే ఉంగరమో మెట్టెయో తయారవుతుంది. పల్లెలలో ఎక్కువగా జరిగేది ఇదే. పని తేలిక, వెండి వృథా కాదు, కొలత ఎట్లా కావాలంటే అట్లా వస్తుంది. కాని ముద్ర సమూలంగా పోతుంది. రాజు పేరు, ఊరి పేరు, సంవత్సరం అన్నీ ఒక్క నిమిషంలో ఎర్రని బొట్టయిపోతవి.

రెండవ దారి నాణేన్ని చెక్కుచెదరకుండ ఉంచడం. వేరే వెండితో సన్నని కట్టు చేసి, దాని నెత్తిన చిన్న నాణేన్ని బిళ్లగా అతుకుతారు. ఇందుకు రెండణాల బిళ్ల సరిగా సరిపోతుంది. దాని అడ్డుకొలత రమారమి 15 మిల్లీమీటర్లు, బరువు 1.4 గ్రాములు. అతకడానికి వాడే టంకం నాణెం కంటె తక్కువ వేడికి కరిగేదై ఉండాలి. లేకుంటే టంకం కరిగే లోపల నాణెమే కుంగిపోతుంది. ఈ పద్ధతిలో ముందు వైపు ముద్ర పూర్తిగా నిలుస్తుంది. వెనుక వైపు మాత్రం టంకం కింద కొంత మరుగుపడుతుంది.

మూడవ దారి అన్నిటిలోకి కష్టమైనది, అందమైనది. నాణేన్ని కరిగించకుండ, అతకకుండ, ఆ నాణేన్నే ఉంగరంగా మలచడం. అవ్వ మనుమడు కోరుకొన్నది ఇదే. ఇందుకు ఆచారి అర్ధరూపాయిని ఎన్నుకొన్నాడు. దాని అడ్డుకొలత రమారమి 24 మిల్లీమీటర్లు, మందం ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, బరువు 5.589 గ్రాములు. నిండు రూపాయితో చేస్తే పల్లెటూరి పిల్లవాని వేలికి పెద్దదవుతుంది. పావలాతో చేస్తే పసిపిల్లల వేలికే పడుతుంది.

మొదట వృత్తలేఖినితో నాణెం నడిబొడ్డు గుర్తించి, దాని చుట్టూ 10 మిల్లీమీటర్ల అడ్డుకొలతతో ఒక వలయం గీస్తారు. ఆ గీత మీద చిన్న బెజ్జం వేసి, అందులోంచి సన్నని రంపపుటాకు దూర్చి, గీత వెంబడి కోస్తారు. నడిమి బిళ్ల ఊడి వస్తుంది. ఇక్కడ ఒక చిక్కున్నది. చార్మినారు ఉన్నది ఆ నడిమిలోనే. ఉంగరానికి మిగిలేది చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రమే. బరమాతో తొలిచి ఉంటే ఆ చార్మినారు వెండి రజను అయిపోయి ఉండేది. రంపంతో కోసినందువల్ల, మీనార్ల కొనలు కొంచెం తెగినా, బొమ్మ ఒక చిన్న బిళ్లగా దక్కినది. ఆ బిళ్ల బరువు ఎంతో పిల్లలు లెక్క కట్టవచ్చును. వైశాల్యం అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, పదికి వర్గం 100, ఇరువది నాలుగుకు వర్గం 576. నాణెంలో రమారమి ఆరవ వంతు, అనగా ఒక గ్రాముకు కొంచెం లోపు. ఉంగరానికి మిగిలేది 4.6 గ్రాములు.

తరువాత బెజ్జపు అంచును ఆకురాయితో నునుపు చేస్తారు. అంచులో సన్నని గీటు మిగిలినా అక్కడే చీలిక పుడుతుంది. ఇక కాల్చడం. నాణెం టంకశాలలో గట్టి దెబ్బ తిన్నది; లోహం దెబ్బ తింటే బిరుసెక్కుతుంది. దానిని మెత్తపరచాలంటే ఎర్రగా కాల్చి నీటిలో ముంచాలి. ఉక్కును అట్లా ముంచితే గట్టిపడుతుంది. వెండిరాగి మిశ్రమం మెత్తబడుతుంది. ఈ తేడాను చూపించడానికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు. కాల్చేటప్పుడు ఆచారి కుంపటిని ఎండలో పెట్టడు, నీడలో పెట్టుకొంటాడు. లేత ఎరుపు కనిపించగానే ఆపివేయాలి. ఎండలో ఆ రంగు కంటికి ఆనదు. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాగి 1085 డిగ్రీల దగ్గర. కాని ఈ రెండూ కలిసిన హాలీ నాణెం 780 డిగ్రీల దగ్గరనే కరగడం మొదలుపెడుతుంది. కలయికలో రెండు లోహాలూ తమ తమ బలాన్ని కొంత కోల్పోవడం రసాయనశాస్త్రంలోని ఒక వింత. అందుకే ఒక్క క్షణం ఏమరినా అంచు కారిపోతుంది.

చల్లారిన బిళ్లను, కొనదేలిన గుండ్రని ఇనుప కడ్డీకి తొడుగుతారు. కొయ్యసుత్తితో చుట్టూ మెల్లగా కొడుతూ పోతే, చదునైన బిళ్ల గొడుగువలె వంగుతుంది. కొడుతున్న కొద్దీ బెజ్జం విస్తరిస్తుంది, వెలుపలి అంచు లోపలికి ముడుచుకొంటుంది. మొదట బెజ్జం చుట్టుకొలత 31 మిల్లీమీటర్లు, వెలుపలి అంచు చుట్టుకొలత 75. పని ముగిసేనాటికి రెండూ 63 దగ్గర కలిసికోవాలి. అనగా ఒకే బిళ్లలో ఒక అంచు రెండింతలు సాగాలి, మరొక అంచు కుంగాలి. సాగేచోట చీలే ప్రమాదం, కుంగేచోట ముడతలు పడే ప్రమాదం. కనుక కొంతసేపు కొట్టడం, బిరుసెక్కగానే మళ్లీ కాల్చడం, ముంచడం, మళ్లీ కొట్టడం, ఇట్లా పలుమార్లు. ఇనుప సుత్తి వాడితే పని త్వరగా అవుతుంది గాని అక్షరాలు నలిగిపోతవి. కొయ్య దెబ్బ లోహాన్ని వంచుతుంది, అక్షరాన్ని చెరపదు.

కాల్చినప్పుడల్లా ఉంగరం నల్లబడుతుంది. మిశ్రమంలోని రాగి గాలితో కలిసి పైన కట్టిన పొర అది. హాలీ నాణెంలో రాగి పాలు ఎక్కువ కనుక నలుపు కూడ కల్దారు కంటె ఎక్కువే. చింతపండు నీళ్లలో ఉడికిస్తే ఆ పులుపుకు పొర విడిపోతుంది. కుంకుడు నురుగుతో రుద్దితే తెల్లని వెండి బయటపడుతుంది. తుదకు మెరుగు పెట్టేటప్పుడు నేర్పరి అయిన పనివాడు అక్షరాల సందులలోని నలుపును పూర్తిగా తీసివేయడు. ఆ నలుపు వల్లనే అక్షరాలు చదవడానికి వీలవుతుంది.

ఇట్లా తయారైన ఉంగరానికి వెలుపల ఒక వైపు ముద్ర, లోపల రెండవ వైపు ముద్ర. వేలిని అంటి ఉండే లోపలి అక్షరాలు లోకానికి కనిపించవు. ధరించినవానికి మాత్రమే తెలుసు.

ఈ విద్య మన దేశానికే పరిమితం కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికులు, నావికులు ఖాళీ వేళలలో వెండి నాణేన్ని అంచు మీద నిలబెట్టి, తిప్పుతూ, చెంచాతో గంటల తరబడి కొట్టేవారు. అంచు మెల్లమెల్లగా వెడల్పయి ఉంగరపు పట్టీగా మారేది. ఆపైన నడిమి భాగాన్ని తొలిచేవారు. ఇంటికి దూరంగా ఉన్న మనుష్యులకు అది కాలక్షేపం, ఇంటికి పంపవలసిన కానుక. వారి నాణేలలో 1964 వరకు నూటికి తొంబది పాళ్లు వెండి ఉండేది కనుక ఆ పని సాధ్యమైనది.

కరిగించడం అనే దానికి కూడ ఒక పెద్ద ఉదాహరణ అదే దేశం నుండి చెప్పవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో ఇండియాలో వెండి రూపాయలకు కొరత ఏర్పడినది. 1918లో అమెరికా శాసనసభ చేసిన ఒక చట్టం ప్రకారం, వారి ఖజానాలోని వెండి డాలర్లను కోట్ల సంఖ్యలో కరిగించి, రమారమి 20 కోట్ల ఔన్సుల వెండిని ఇండియా అవసరానికై బ్రిటనుకు అమ్మినారు. అవ్వ దగ్గరి ఐదవ జార్జి రూపాయి ఆ తరువాతి కాలపుదైతే, అందులో ఒకనాటి అమెరికా డాలరు ఉండవచ్చును. కాని ఉన్నదో లేదో ఎవరు చెప్పగలరు? మూసలో పడిన వెండికి జ్ఞాపకం ఉండదు.

మన సాహిత్యం ఈ సంగతిని ఎప్పుడో గ్రహించినది. ముద్ర అంటే అచ్చు. ముద్రిక అంటే ఉంగరం. టంకశాల అంటే నాణెం పుట్టే చోటు. టంకం అంటే నగను అతికేది. టంకణం అంటే వెలిగారం. నాణెం చేసేవాని మాటలు, నగ చేసేవాని మాటలు ఒకే కుదురు నుండి మొలచినట్లున్నవి. అశోకవనంలో సీతకు హనుమంతుని మీద నమ్మకం కలిగించినది శ్రీరాముని పేరు చెక్కిన ఉంగరం. దుష్యంతునికి శకుంతలను గుర్తు చేసినది ఉంగరం. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో రాక్షసమంత్రి పేరు గల ఉంగరం చాణక్యుని చేత చిక్కడం వల్లనే కథ మలుపు తిరిగినది. ఈ మూడు చోట్లా పని చేసినది బంగారమా? కాదు. దాని మీది ముద్ర. ముద్ర లేని ఉంగరాన్ని హనుమంతుడు తీసికొనిపోయి ఉంటే సీత దానిని కన్నెత్తి అయినా చూచేది కాదు.

కనుక అవ్వ ప్రశ్నకు సమాధానం ఇట్లా చెప్పుకోవచ్చును. నాణెంలోని వెండిని ఎక్కడైనా కొనవచ్చును. దాని మీది ముద్రను తిరిగి కొనలేము. అట్లని ప్రతి నాణేన్నీ పెట్టెలో పెట్టి పూజించవలెనని కాదు. ముద్ర పూర్తిగా అరిగిపోయిన నాణెం ఇక లోహమే; దానిని కరిగించి పెండ్లికూతురి కాలికి మెట్టెలు చేయడంలో తప్పు లేదు. ముద్ర స్పష్టంగా ఉండి, అటువంటివి లోకంలో విస్తారంగా ఉన్న నాణేన్ని ముద్ర చెడకుండ ఉంగరంగా మలచుకోవచ్చును. ఏదో తెలియని నాణేన్ని మాత్రం ముట్టుకోరాదు. సంస్థానపు టంకశాల నాణెం ఒక్కటి పోతే, ఒక ఊరి చరిత్రలో ఒక పుట చిరిగినట్లే. ఏది ఏ కోవకు చెందినదో తేల్చుకొనే వరకు మూసను కుంపటి మీద పెట్టకుండ ఉండడమే ఇందులో ధర్మం.

ఉపాధ్యాయులు ఈ తేల్చుకొనే పనిని తరగతిలోనే చేయించవచ్చును. నాణెం వెండిదా, నకిలీదా అనే పరీక్షకు ఆమ్లాలు అక్కరలేదు, ఆర్కిమెడీసు సూత్రం చాలును. సున్నితపు త్రాసులో నాణేన్ని ముందు గాలిలో, తరువాత దారంతో కట్టి నీటిలో ముంచి తూచాలి. మంచి హాలీ రూపాయి నీటిలో రమారమి 1.1 గ్రాము తగ్గుతుంది. రాగినికెలుతో చేసిన నకిలీ అదే బరువుదైతే 1.25 గ్రాముల దాకా తగ్గుతుంది. నాణేనికి గీటు కూడ పడకుండ నిజం తెలిసిపోతుంది.

చట్టం సంగతి కూడ పిల్లలకు చెప్పడం అవసరం. చెలామణిలో ఉన్న నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటు పోయిన పాత వెండి నాణేల విషయమే ఇక్కడ మాట్లాడుతున్నాము. పొలం దున్నేటప్పుడు పాత నాణేల కుండ దొరికితే దానిని దాచుకోరాదు. కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. హైదరాబాదు వెళ్లే విద్యార్థులు సైఫాబాదులోని పాత టంకశాల భవనంలో 2022లో తెరచిన నాణేల ప్రదర్శనశాలను చూచి వస్తే, తమ ఇంటి పెట్టెలోని బిళ్ల విలువ తమకే తెలిసివస్తుంది.

ఆ ఉదయం ధరూరు అరుగు మీద జరిగినది కూడ ఈ న్యాయమే. అరిగిన రెండు రూపాయలను ఆచారి మెట్టెలకు ప్రక్కన పెట్టినాడు. అర్ధరూపాయి ఉంగరానికి. రెండణాల బిళ్లను, ఇంగ్లీషు రూపాయిని అవ్వ చేతిలోనే తిరిగి పెట్టి, "వీటిని మనుమరాలికి పెండ్లినాడు అట్లే ఇయ్యి, మీ అమ్మ నీకిచ్చినట్లు" అన్నాడు. వంకర నాణేన్ని కాగితంలో చుట్టి పిల్లవానికిచ్చి, "దీన్ని మీ బడిలో చరిత్ర చెప్పే సారుకు చూపించు. నేను దీని మీద సుత్తి పెట్టను" అన్నాడు. తనకు రావలసిన మూడు నాణేల వెండి పనిని ఆయన తానే వదులుకొన్నాడు. అది ఎవరూ గమనించినట్లు లేదు.

కొన్ని దినముల తరువాత ఉంగరం సిద్ధమైనది. దానితోపాటు, కోసి తీసిన చార్మినారు బిళ్లకు ఆచారి చిన్న కొక్కెం అతికి ఇచ్చినాడు. అవ్వ దానిని దారానికి గ్రుచ్చి తన మెడలోనే వేసికొన్నది. ఉంగరాన్ని వేలికి తొడిగించుకొన్న పిల్లవాడు అక్కడే నిలబడి, దానిని తీసి లోపలి వైపు చూడడం, మళ్లీ తొడుగుకోవడం చేస్తున్నాడు.

"ఏముందిరా దాంట్ల?" అని అడిగినది అవ్వ.

"అక్షరాలున్నయి అవ్వా. నాకు రావు. రేపు ఉర్దూ సారుతో చదివించుకొస్త."

"నాకు కూడ చెప్పు. ఇన్నేండ్లు నా కొంగుల ఉండె, ఏం రాసి ఉందో నేను అడగనే లేదు" అన్నది ఆమె.